ఉగాది వారంలో పెరటి పని, పసిపిల్లల పెంపకం: మా అమ్మాయికి ఒక ఉత్తరం

ప్రొద్దుటూరు,
12 మార్చి 2026.

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీవు, అల్లుడుగారు, పిల్లలు కుశలమని తలుస్తాను.

నిన్న ఫోనులో ఈ వారం ముగించాలనుకున్న పనులన్నీ ఏకరువు పెట్టావు. ఇల్లు కడిగించాలి, ప్రహరీకి సున్నం వేయించాలి, పెరడు బాగు చేయించాలి, నర్సరీ నుంచి మామిడి, జామ, చీనీ (బత్తాయి) మొక్కలు తెచ్చి పండుగనాడు నాటాలి, మల్లెపొదలు కత్తిరించాలి, కుప్పపడిన వేపాకు తగులబెట్టాలి, గురువారం దేవుని కడపకు పోవాలి, ఆ వెంటనే రంజాను గనుక పక్కింటివారికి ఏదైనా చేసి పంపాలి, వీలైతే ఒంటిమిట్ట కూడా చూసి రావాలి అన్నావు. ఒకటో తరగతి చదివే పాపను, రెండేళ్ల చిన్నవాణ్ణి పెట్టుకొని ఏడు రోజుల్లో ఇవన్నీ చేయబోతే పండుగనాటికి నీవు మంచం పడతావు. ఫ్లాటులో ఉన్నన్నాళ్లూ పండుగ పని అంటే ఇల్లు, వంట మాత్రమే. సొంత పెరడున్న ఇంట్లో నీకిది మొదటి ఉగాది. నేల, చెట్లు, నీళ్లు, ఎండ కూడా ఇప్పుడు నీ లెక్కలోకి వచ్చాయి. ఫోనులో చెబితే పిల్లల గోలలో సగం చెవిన పడదు గనుక నింపాదిగా రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు, ఎందుకంటే ఇందులో సగం పని ఆయనది.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఒకటుంది. నీవు చెప్పిన పెరటి పనుల్లో సగం ఈ వారానివి కావు, కొన్నయితే ఇప్పుడు అసలు చేయకూడనివి. చైత్రం వస్తూనే చిగురూ పూతా చూసి ఎవరికైనా మొక్కలు నాటాలనే అనిపిస్తుంది. కానీ మన కడపలో మార్చి నడిమికే ఎండ 38, 39 డిగ్రీలకు చేరుతుంది, ఏప్రిల్, మే నెలల్లో 40 దాటిపోతుంది, నేల లోపలిదాకా తడిసే వాన కోసం జూలై వరకు ఎదురుచూడాలి. నర్సరీలో నీడవల కింద పెరిగిన అంటుమొక్కను ఇప్పుడు తెచ్చి ఎండలో పెడితే, వేరు పట్టకముందే ఆకు మాడుతుంది. దాన్ని బ్రతికించడానికి నాలుగు నెలలపాటు రోజూ నీళ్లు మోయాలి. వేసవిలో మీ బోరు ఎట్లా పోస్తుందో నీకింకా తెలియదు. కాబట్టి మొక్కలు కొనవద్దు. నాటబోయే చోట్లు మాత్రం ఇప్పుడు చూసుకొని గూటాలు పాతించు. మామిడి అంటు పెద్దదైతే ఎంత కొమ్మ వేస్తుందో ఊహించి, గోడకూ సంపుకూ కనీసం పదిహేను అడుగుల దూరంలో చోటు చూడు.

గుంతలు వేసవిలోనే తవ్వి ఎండబెట్టాలన్న మాట నిజమే. మామిడికి పొడవు, వెడల్పు, లోతు మూడేసి అడుగులు, జామకూ చీనీకీ రెండేసి అడుగులు తవ్వి, పైమట్టిని ఒక పక్క, అడుగుమట్టిని ఒక పక్క పోయించి, నెలా రెండు నెలలు ఎండకు వదిలేస్తే మట్టిలోని పురుగులు, వాటి గుడ్లు, కలుపు వేళ్లు చాలావరకు నశిస్తాయి. తొలకరికి ఆ పైమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి పూడ్చి, జూలై చివరనో ఆగస్టులోనో ముసురు పట్టిన రోజు చూసి మొక్క నాటితే ఆ మొక్క నిలుస్తుంది. అయినా ఈ వారం గుంతలు తవ్వించవద్దనే నా సలహా. పరుగులు తీసే రెండేళ్ల పిల్లవాడున్న ఇంట్లో మూడడుగుల గుంత తెరిచి ఉండకూడదు, పైన రేకు కప్పి పెడితే మట్టికి ఎండ తగలదు. మే నెలలో వేసవి సెలవులకు పిల్లలిద్దరినీ నా దగ్గరికి పంపిస్తావు గదా, అప్పుడు తవ్వించు. వాళ్లు తిరిగివచ్చే ముందు గుంతల చుట్టూ కంప వేయించి గట్టిగా దడి కట్టించు.

మల్లెల మీద కత్తెర పెట్టవద్దు. గుండుమల్లెను డిసెంబరు, జనవరి నెలల్లో కత్తిరిస్తారు. ఇప్పుడు చిగురు చివర మొగ్గ కట్టే కాలం, కత్తిరిస్తే ఈ వేసవి పువ్వంతా నీ చేతులతో నీవే కోసి పారేసినట్టవుతుంది. మొదళ్ల చుట్టూ మట్టి గుల్ల చేసి, తట్టెడు ఎరువు వేసి, నీళ్లు పెట్టు, అంతే చాలు. వేపాకును కాల్చవద్దు. ఆ పొగ చిన్నపిల్లల ఊపిరికి పడదు, పక్కింటి ముసలాయనకు ఆయాసం ఉందని కూడా నీవే చెప్పావు. అంతకుమించి, ఆ ఆకు నీకు ఈ వేసవికి దొరికిన సొత్తు. దాని సంగతి కింద రాస్తాను.

మరి ఈ వారం ఆగని పనులేవంటే, మొదటిది వంటింటి వెనక ఉన్న కుప్ప. మేస్త్రీలు వదిలిపోయిన ఇటుక ముక్కలు, విరిగిన నాపరాళ్లు, టెంకాయ పీచు, సెంట్రింగు చెక్కలు అన్నీ అక్కడే పడి ఉన్నాయని నేను సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను. ఎండలు ముదిరేకొద్దీ తేళ్లూ పాములూ చల్లదనం కోసం అటువంటి కుప్పల్లోకే చేరతాయి, పొద్దుగుంకిన తరువాత బయటికి వస్తాయి. సరిగ్గా ఆ వేళకే పిల్లలు చల్లగాలికి పెరట్లోకి వస్తారు. ఈ శనివారం ఉదయం ఆరు గంటలకు ఒక కూలీ మనిషిని పిలిచి ఆ పని మొదలుపెట్టించి తొమ్మిదికల్లా ముగించండి. పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉండాలి, వెనక తలుపుకు గడియ వేసి ఉండాలి. పని చేసేవారి కాళ్లకు బూట్లు, చేతులకు మందపాటి తొడుగులు ఉండాలి. రాయిని ఎత్తేటప్పుడు తనవైపు అంచు కింద వేళ్లు పెట్టకూడదు. గడ్డపార మొనతో ముందు కాస్త కదిలించి, అవతలి అంచు పట్టుకొని రాయిని తనవైపుకు పైకి లేపాలి. అప్పుడు రాయి మనకు అడ్డుగా నిలుస్తుంది, కింద ఉన్న పురుగు అవతలి దిక్కుకు పోతుంది. ఏళ్ల తరబడి రాళ్ల మధ్య పనిచేసినవాళ్లు కూడా తొందరలో దీన్ని మరచి చెయ్యి కుట్టించుకుంటారు. మిగిలిన మంచి ఇటుకలను గోడకు జానెడు ఎడంగా, కింద రెండు రాళ్లు పెట్టి నేలకు తగలకుండా పేర్పించు. తక్కినదంతా ట్రాక్టరుకు ఎత్తించెయ్యి.

ఈ మాట వచ్చింది గనుక, ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసినదాన్నిగా మరో నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. తేలు కుట్టినప్పుడు పెద్దలకు మంట, సలుపు ఎక్కువగా ఉండి చాలామందికి అంతటితో పోతుంది. కానీ ఎర్రతేలు పసిపిల్లలను కుడితే వాంతులు, విపరీతంగా చెమటలు పట్టడం, చేతులూ కాళ్లూ చల్లబడడం మొదలై గుండెకు ముప్పు రావచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన హిమ్మత్‌రావు బావస్కర్ అనే వైద్యుడు ప్రాజోసిన్ అనే మందు దీనికి పనిచేస్తుందని చూపించిన తరువాత ఇటువంటి మరణాలు ఎంతగానో తగ్గాయి. కాబట్టి పిల్లవాణ్ణి కుట్టిందంటే మంత్రం వేయించడానికీ ఉల్లిపాయ రుద్దడానికీ నిమిషం కూడా పోగొట్టకుండా రిమ్స్ ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాము కరిస్తే తాడు బిగించి కట్టకూడదు, గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన చెయ్యిని గానీ కాలును గానీ కదలనీయకుండా, మనిషిని నడిపించకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు సూది అక్కడే ఉంటుంది. ఈ నెంబరు పెద్ద పాపకు కూడా కంఠస్థం చేయించు.

రెండోది సంపు. దీని గురించి నీతో రెండుసార్లు అన్నాను, నీవు చేయిద్దామన్నావు, ఇంకా చేయించలేదు. పైన పరచిన నాపరాయి జరిగిపోతే చిన్నవాడు పట్టేంత సందు ఉంది. ఇనుప మూత చేయించి, కొండీ పెట్టించి తాళం వేయించు, పెరట్లో ఏ పనికైనా ముందు ఈ పని కావాలి. మోటారు స్టార్టరు పెట్టె కూడా వాడికి అందని ఎత్తుకు మార్పించు. అట్లాగే చెట్లకు పోయడానికి నింపిన బకెట్లు, గంగాళాలు వాడకుండా వదిలేయవద్దు. రెండేళ్ల పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. తొంగిచూస్తూ తలకిందులుగా పడితే జానెడు నీళ్లలోంచి కూడా వాళ్లంతట వాళ్లు లేవలేరు, కేక కూడా వినిపించదు. పని అయిన వెంటనే బకెట్టు బోర్లించే అలవాటు ఇంట్లో అందరికీ రావాలి. ఈ అలవాటుతో దోమల బాధ కూడా తగ్గుతుంది. డెంగీ దోమ గుడ్డు నిల్వనీటిలో వారం, పది రోజుల్లో దోమై ఎగిరిపోతుంది, అందుకే శుక్రవారం డ్రై డే పాటించమని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చెబుతుంటారు. పూలకుండీల కింద పళ్లేలు, పక్షులకు పెట్టిన మూకుడు, కూలరు తొట్టి, ఫ్రిజ్జు వెనకుండే ట్రే అన్నీ ఆ రోజున వంచి, తోమి, ఆరబెట్టు.

మూడోది కలుపు. వయ్యారిభామ ఇప్పటికే తెల్లపూత మీద ఉంటే చేతికి తొడుగు వేసుకొని వేరుతో పీకించు, ఎరువు గుంతలో వేయించవద్దు, గింజ మళ్లీ మొలుస్తుంది. దాని పుప్పొడికి దద్దుర్లు, తుమ్ములు వస్తాయి గనుక పిల్లలు దగ్గర ఉండకూడదు. పల్లేరు తీగ కాయలు ఎండకముందే తీసేయిస్తే చిన్నవాడి అరికాళ్లు బాగుంటాయి. ప్రహరీ పక్కన పాత యజమాని పెట్టిన పచ్చగన్నేరు చెట్టు ఒకటి ఉంది గదా, అది పూజకు పనికివస్తుందని ఉంచుకోవాలనుకుంటున్నావు. వద్దమ్మా. దాని గింజ గుండెను ఆపేసే విషం, కాయలేమో పిల్లలు ఆడుకోవడానికి అనువుగా ఉంటాయి. మూలలో మొలిచిన ఆముదపు మొక్కలను కూడా అట్లాగే పీకించు. పూజకు నందివర్ధనం, మందారం వానాకాలంలో నాటుకుందువు.

ఆదివారం ఉదయానికి చెట్ల పాదులు పెట్టుకుందాం. ఉన్నవి నిమ్మ, మునగ, కరివేపాకు, రెండేళ్ల మామిడి అంటు. చాలామంది పాదును మొదలు చుట్టూ గిన్నెలా తవ్వి అందులోనే నీళ్లు పోస్తారు, అందువల్ల కాండం తడిసి మొదలు కుళ్లుతుంది. నీళ్లు తాగే సన్న వేళ్లు కొమ్మల చివరల కిందుగా ఉంటాయి. మిట్టమధ్యాహ్నం చెట్టు నీడ నేలమీద ఎంతమేర పడుతుందో చూసుకొని, ఆ అంచున గుండ్రంగా జానెడు వెడల్పు, నాలుగు వేళ్ల లోతు కాలువ తీసి, మొదలు దగ్గర మట్టి కాస్త ఎత్తుగా ఎగదోయించు. కాలువ తవ్వేటప్పుడు వేళ్లు తెగకుండా గడ్డపారతో కాక చిన్న పారతో పైపైన తీయాలి. కాలువలో నీళ్లు పెట్టి ఇంకిన తరువాత వేపాకును దానిమీద నాలుగు వేళ్ల మందాన పరచు. నీవు తగులబెట్టాలనుకున్న ఆకు ఇదే. ఆకు కప్పిన నేల చెయ్యి పెట్టి చూస్తే మధ్యాహ్నం కూడా తేమగా తగులుతుంది, రోజూ పోయవలసిన నీళ్లు మూడు రోజులకొకసారి పోస్తే చాలవచ్చు. ఆకు చాలకపోతే బుడ్డల (వేరుశెనగ) పొట్టు తెప్పించుకో, మన జిల్లాలో దానికి కొదువ లేదు. ఎండుటాకుకు చెదలు వస్తాయి కాబట్టి పాదుకు రెండు గుప్పెళ్ల వేపపిండి చల్లించు, ఆకును కాండానికి బెత్తెడు ఎడంగా ఉంచు. ప్రహరీకి వేయించగా మిగిలిన సున్నంలో కాస్త చిక్కనిది తీసి మామిడి, నిమ్మ మొదళ్లకు రెండడుగుల ఎత్తు వరకు పూయిస్తే పడమటి ఎండకు బెరడు పగలదు.

లేత మామిడి అంటుకు ఇంకొక ఉపాయం ఉంది. కాల్చిన మట్టికుండ ఒకటి, మెరుగు పూత లేనిది, మొక్కకు అడుగు దూరంలో మెడ వరకు పాతి నీళ్లు నింపి మూత పెట్టు. కుండ గోడలోంచి నీరు ఊరి వేరుకు అందుతుంది, నాలుగైదు రోజులకొకసారి నింపుకుంటే సరిపోతుంది. మూత మీద రాయి పెట్టు, లేకపోతే దోమలూ చేరతాయి, మన వాడి చేయీ చేరుతుంది.

ఇక పిల్లలు. మీరు పెరట్లో పనిచేస్తుంటే వాళ్లు లోపల టీవీ ముందు కూర్చోవడం మీకూ ఇష్టముండదు, వాళ్లకూ న్యాయం కాదు. గడ్డపార, కొడవలి, రాళ్ల పని జరిగే వేళ మాత్రం వాళ్లు లోపల ఉండాలి, ఆ వేళ వాళ్లను చూసుకోవడమొక్కటే పనిగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి అల్లుడుగారు అయితే మంచిదని నా అభిప్రాయం. తవ్వే పనికి కూలి ఇస్తే మనిషి దొరుకుతాడు, చిన్నవాడికి స్నానం చేయించి, పాప చేత తినిపించి, ఇద్దరికీ కథ చెప్పడానికి తండ్రే కావాలి. నీవేమో పెరట్లో నిలబడి ఎవరు ఏది కొడుతున్నారో చూసుకో, చూడకపోతే కూలీ మనిషి కరివేపాకు మొక్కను కూడా కలుపుతో కలిపి పీకేస్తాడు.

తక్కిన వేళల్లో వాళ్లకు నిజమైన పని ఇవ్వు. పాపకు బెండ గింజలు అప్పగించు. రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున తేలినవి పారేసి, మునిగినవాటిని అడుగుకు రెండు చొప్పున వేలి కణుపు లోతులో పెట్టమను. వారం తిరగకముందే మొలక కనిపిస్తుంది, దాదాపు ఏడు వారాలకు, అంటే సెలవుల్లో, కాయ కోస్తుంది. మటిక్కాయ (గోరుచిక్కుడు) కూడా మన ఎండకు ఓర్చుకుంటుంది, ఒక సాలు అదీ పెట్టించు. మొలకెత్తని గింజల చోట నీవు రహస్యంగా వేరేవి పెట్టవద్దు. తన గింజ ఎందుకు రాలేదో పాప తవ్వి చూసుకోవాలి. చిన్నవాడికి చిన్న చెంబు ఇచ్చి మల్లెకు పోయమను. సగం తన కాళ్ల మీదే పోసుకుంటాడు, పోసుకోనివ్వు. ఆ వయసులో పనికీ ఆటకూ తేడా ఉండదు, మనం తొందరపెడితేనే వాడికి విసుగు వస్తుంది.

కానీ ఇవన్నీ ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తరువాత మాత్రమే. పదకొండు నుంచి నాలుగు వరకు పిల్లలు గడప దాటకూడదు. మీ పెరట్లో పరచిన నాపరాళ్లు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి, వట్టి కాళ్లతో అడుగు పెడితే బొబ్బలెక్కుతాయి. ఒంటిపూట బడి రోజుల్లో పాప 12.30కు, సరిగ్గా ఎండ మండే వేళకు ఇంటికి వస్తుంది. తలకు టోపీ, చేతిలో నీళ్ల సీసా లేకుండా పంపకు, ఆటోలో నలుగురి మధ్య ఇరికి వస్తే రాగానే మజ్జిగ ఇచ్చి, కాసేపాగి అన్నం పెట్టు. ఉదయం రాగి అంబలి, మధ్యాహ్నం పలుచని మజ్జిగ, సాయంత్రం నన్నారి షర్బత్తో దోసపండో ఇవ్వు. రోడ్డు పక్క ఐసు వేసిన రసాలు మాత్రం వద్దు. పిల్లలు ఆరారగా మూత్రానికి పోతున్నారా, అది పసుపుపచ్చగా చిక్కబడిందా అని గమనిస్తూ ఉండు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లం కలిపి తాగించు. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలిచి కలుపు. ఉప్పు ఎక్కువ పడితే మంచికి బదులు చెడు జరుగుతుంది. పిల్లవాడు మగతగా పడి ఉన్నా, ఏడ్చినా కన్నీళ్లు రాకపోయినా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

సోమ, మంగళవారాలు ఇల్లు కడగడానికి సరిపోతాయి. దాని గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. ఒక్క మాట, అటకమీది సామాను ఈ సారికి దించవద్దు, ఎవరూ అటక చూడడానికి రారు.

బుధవారం అమావాస్య, గురువారం పరాభవ నామ సంవత్సరాది. బుధవారం రాత్రి పడుకునే ముందు వేపచెట్టు కింద ఉతికిన దుప్పటి పరచి నాలుగు మూలల్లో రాళ్లు పెట్టండి. తెల్లవారేసరికి రాలిన పూత దుప్పటి నిండా ఉంటుంది, చెట్టెక్కి రెమ్మలు విరచవలసిన పని లేదు. పాపను లేపి, ఆ పూతను చేటలో పోయించి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటను కాస్త వాల్చి ఊదమను. కాడలు, పుల్లలు ఒకవైపుకు జారిపోతాయి, తేలికైన తెల్ల రేకులు నిలుస్తాయి. మరీ గట్టిగా నలిపితే చేదు చేతికి అంటుకొని కళ్లు మండుతాయి, పని కాగానే చేతులు కడిగించు. పచ్చడికి పోను మిగిలినది నీడలో ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటే చారుకు వస్తుంది. పచ్చడి పిల్లలకు చిటికెడు నాలికమీద పెడితే చాలు, మిరియం చిన్నవాడి వాటాలో వేయకు.

ఓళిగలు (బొబ్బట్లు) అందరికీ చాలేటన్ని చేయాలన్న పట్టుదల మంచిదే గానీ, మీ ఇంటికి వచ్చేది ఎందరో ముందుగా లెక్కపెట్టుకో. శెనగపప్పు పూర్ణం ఈ ఎండకు సాయంత్రానికే పులుస్తుంది. బుధవారం రాత్రి ఉడికించి రుబ్బితే ఫ్రిజ్జులో పెట్టు, పిండి మాత్రం పొద్దున కలిపి రెండు గంటలు నూనెలో నాననిస్తే చాలు. పొయ్యి మీద పెనం ఉన్నంతసేపు వంటింటి గడపకు అడ్డంగా పీట పెట్టు.

దేవుని కడపకు ఉగాదినాడు పోవడం మన ఆనవాయితీ, మానుకోమని చెప్పను. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అన్న నమ్మకంతో ముస్లిం కుటుంబాలు కూడా ఆనాడు వేంకటేశ్వరుని దర్శనానికి వచ్చి టెంకాయలు కొడతాయి, ఆ దృశ్యం నీ పిల్లలు చూసి తీరవలసినది. కానీ పొద్దెక్కిన తరువాత వరుస పెద్దదవుతుంది. తలంటు తెల్లవారుజామునే ముగించి, పిల్లలకు ఏదైనా తినిపించి, వెలుతురు రాగానే వరుసలో ఉండేటట్టు బయలుదేరండి. తిరిగివచ్చాకే ఇంటి పూజ, వంట. మడి పేరుతో పిల్లలను ఆకలితో ఉంచవద్దు, వాళ్లకు ఏ దోషమూ లేదు. పంచాంగ శ్రవణం సాయంత్రం టీవీలో వినవచ్చు. ఒంటిమిట్ట సంగతి ఈ వారం తలపెట్టవద్దు. శ్రీరామనవమితో అక్కడ బ్రహ్మోత్సవాలు మొదలై, కల్యాణం వెన్నెల రాత్రి జరుగుతుంది. ఆ రద్దీలో చిన్నవాణ్ణి ఎత్తుకొని నిలబడలేవు. ఉత్సవాలైన తరువాత ఒక ఆదివారం తెల్లవారుజామున పోయి ఎండెక్కకముందే తిరిగి రండి, పాతిక కిలోమీటర్లే గదా.

పక్కింటివారి విషయంలో నీ ఆలోచన మంచిది. అయితే రంజాను దాకా ఆగనక్కరలేదు. ఉగాదినాడు వాళ్లు రోజా మీదే ఉంటారు, ఆ సాయంత్రమే నెలవంక కోసం చూస్తారు. ఇఫ్తారు వేళకు ముందుగా పాప చేత ఓళిగలు, నాలుగు అరటిపండ్లు పంపించు. నెలవంక కనిపిస్తే శుక్రవారం, లేకుంటే శనివారం పండుగ, ఆ పూట నీవు వాళ్లకోసం ఏమీ వండవద్దు, వాళ్లు పంపే సేమ్యా తీసుకొని సంతోషంగా తినండి. ఇంకొక మాట, ఈ వారమంతా వాళ్లు సహరీకి మూడున్నర, నాలుగింటికే లేచి, నమాజు తరువాత కాసేపు కన్ను మూస్తారు. శనివారం రాళ్ల పని ఆరింటికి మొదలుపెడుతున్నామని ముందురోజే చెప్పి, వాళ్ల గోడ పక్కది చివర్లో చేయించు.

పండుగ మరునాడు ఏ పనీ పెట్టుకోవద్దు, శుక్రవారం నీళ్లు వంచే పని తప్ప. ఆదివారం ఉదయం పాదుల్లో ఆకు కింద చెయ్యి పెట్టి తడి చూసి, అవసరమైతేనే నీళ్లు పెట్టు.

నేను బుధవారం ఉదయం బస్సుకు వస్తున్నాను. ఓళిగలకు నూనె, కొత్త బెల్లం నేనే తెస్తాను, నీవు కొనవద్దు. మన ఊరి నుంచి మాగిన ఎరువు రెండు సంచులు ఆటోలో వేయించి శనివారానికే అందేటట్టు చూస్తాను. బుధ, గురువారాలు చిన్నవాడు నా దగ్గరే ఉంటాడు, వాడి మూటా ముల్లే నా గదిలో పెట్టు. వెల్డింగు షాపువాళ్లు పండుగ ముందు రెండు రోజులు దొరకరు కాబట్టి, ఈ ఉత్తరం అందిన రోజే అల్లుడుగారిని పంపి మూతకు కొలత ఇప్పించు. నేను వచ్చేసరికి సంపుకు తాళం వేసి ఉండాలి.

పిల్లలకు నా ముద్దులు, అల్లుడుగారికి నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ.